జిమ్ లేదు.. స్పీడ్ గన్ లేదు! 21 ఏళ్లు ఒకే జట్టుకు నిప్పులు చెరిగిన చెయ్యి.. బేస్‌బాల్ దిగ్గజం వాల్టర్ జాన్సన్ కథ ఇదీ

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ని పిచ్చర్ అంటారు. మన క్రికెట్ బౌలర్‌లా ముప్పై అడుగులు పరుగెత్తుకొచ్చే వీలు అక్కడ ఉండదు. చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకేసి విసరాలి. బ్యాటర్ ఉండేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. అంత చిన్న జాగాలో, రన్నప్ లేకుండా గంటకు 150 కిలోమీటర్ల వేగం పుట్టించాలంటే చేతిలో ఎంత బలం ఉండాలి? ఆ బలం ఎలా వస్తుంది? ఇప్పుడు అమెరికాలో స్కూలు పిల్లల నుంచి ప్రొఫెషనల్ ఆటగాళ్ల దాకా అందరినీ వెంటాడుతున్న ప్రశ్న ఇదే. వేగం కోసం చేసే ట్రైనింగ్‌తోనే ఎందరో మోచేతులు పోగొట్టుకుంటున్నారు. కానీ వందేళ్ల కిందట ఇవేమీ తెలియని ఓ రైతు బిడ్డ, ఏకంగా 21 సీజన్లు ఒకే జట్టుకు బంతులు విసిరాడు. ఆయనే వాల్టర్ పెర్రీ జాన్సన్. అభిమానులు ముద్దుగా పిలుచుకున్న పేరు బిగ్ ట్రైన్.

పొలం పనే ఆయన జిమ్

1887 నవంబర్ 6న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, హంబోల్ట్ అనే చిన్న ఊరి దగ్గర పొలంలో పుట్టాడు జాన్సన్. ఆరుగురు పిల్లల్లో రెండోవాడు. సేద్యం మీద బతికే ఇల్లు. చేతికి అందొచ్చిన మగపిల్లాడు అంటే పనికి పనికొచ్చే మనిషే. గడ్డి ఎత్తడం, బరువులు మోయడం, పశువుల పని.. ఇవన్నీ ఆ ఇంట్లో ఎవరూ ఎక్సర్‌సైజ్ అనుకోలేదు. బేస్‌బాల్ బంతి పట్టుకుని పొద్దస్తమానం విసిరేంత తీరిక కూడా ఆ పిల్లాడికి లేదు.

ఇక్కడో సంగతి గమనించాలి. ఇప్పటి డాక్టర్లు, కోచ్‌లు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పే మాట ఒకటుంది. ఎనిమిదేళ్లకే పిల్లాడిని పిచ్చర్‌ని చేసి ఏడాది పొడవునా బంతులు వేయించొద్దని. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో భుజం, మోచెయ్యి మీద అదే ఒత్తిడి రోజూ పడితే పెద్దయ్యేలోపే చెయ్యి చెడిపోతుంది. జాన్సన్‌కు ఆ గండం తనంతట తానే తప్పింది. నడుము, వీపు, కాళ్లు, పిడికిలి పొలంలో గట్టిపడ్డాయి. బంతితో అసలు పని మాత్రం టీనేజ్‌లో గానీ మొదలవ్వలేదు.

1902లో ఆ కుటుంబం కాలిఫోర్నియాకు మకాం మార్చింది. ఆరెంజ్ కౌంటీలోని ఒలిండా అనే ఊరు. అప్పుడప్పుడే భూమిలో చమురు పడి జనం ఎగబడుతున్న చోటు. ఆయిల్ బావుల్లో పనిచేసేవాళ్లకు సరదా అంటే బేస్‌బాలే. అక్కడే జాన్సన్ చేతికి బంతి గట్టిగా చిక్కింది. ఫుల్లర్టన్ హైస్కూల్ తరఫున శాంటా ఆనా స్కూల్‌తో ఆడిన ఓ మ్యాచ్ 15 ఇన్నింగ్స్ దాకా సాగింది. అందులో ఈ కుర్రాడు 27 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అంటే 27 సార్లు బ్యాటర్ బంతిని ఫీల్డ్‌లోకి కొట్టలేకుండానే వెనక్కి వెళ్లాడన్నమాట. మామూలు మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్సే. అందులో జట్టుకు మొత్తం ఉండేవే 27 అవుట్లు!

అయినా తొలి అవకాశం చేదుగానే ముగిసింది. 1906లో టకోమా జట్టు ట్రయల్‌కు తీసుకుని, కొన్నాళ్లకే వద్దని పంపేసింది. అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోను భూకంపం కుదిపేసింది. అక్కడి జట్ల ఆటగాళ్లు మార్కెట్లోకి రావడంతో కొత్త కుర్రాడి అవసరం ఎవరికీ లేకపోయింది. ఇంటికి తిరిగి వెళ్లకుండా ఐడహో రాష్ట్రంలోని వీజర్ అనే ఊరికి చేరాడు జాన్సన్. అక్కడ టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం, ఊరి జట్టుకు పిచ్చింగ్. రెండూ కలిపి ఒకే బతుకుదెరువు.

తిరుగు టికెట్ ఇస్తేనే వస్తా!

వీజర్‌లో జాన్సన్ బంతిని ఎవరూ ముట్టుకోలేకపోయారు. ఇన్నింగ్స్ మీద ఇన్నింగ్స్.. పరుగే లేదు. ఊరూరా తిరిగే ఓ సేల్స్‌మ్యాన్ ఈ వింత చూసి వాషింగ్టన్ జట్టు మేనేజర్ జో కాంటిలన్‌కు టెలిగ్రాముల మీద టెలిగ్రాములు కొట్టాడని చెబుతారు. 1907 వేసవిలో కాంటిలన్ చివరికి ఓ మనిషిని పంపాడు. పేరు క్లిఫ్ బ్లాంకెన్‌షిప్. గాయంతో ఆటకు దూరంగా ఉన్న క్యాచర్. ఖాళీగా ఉన్నాడు కాబట్టి ఈ పని అప్పగించారు.

ఒప్పందం కుదిరిన తీరు ఓ కథలా చెప్పుకుంటారు. సంతకానికి 100 డాలర్లు, నెలకు 350 డాలర్ల జీతం, రైలు ఛార్జీలు. పందొమ్మిదేళ్ల కుర్రాడికి అప్పట్లో అది పెద్ద మొత్తమే. కానీ అతను అడిగింది వేరు. అక్కడ కుదరకపోతే ఇంటికి తిరిగి రావడానికి రైలు ఛార్జీ కూడా ఇస్తామని మాట ఇవ్వాలన్నాడట. ఒకసారి జట్టు నుంచి గెంటివేయించుకున్నవాడు మరి.. ఆ జాగ్రత్తలో తప్పేముంది?

1907 ఆగస్టు 2. ప్రత్యర్థి డెట్రాయిట్ టైగర్స్. అందులో టై కాబ్ లాంటి మొనగాడు ఉన్నాడు. పొడవైన చేతులతో, కాస్త బెరుగ్గా మైదానంలోకి వచ్చిన ఈ పల్లెటూరి మనిషిని చూసి డెట్రాయిట్ వాళ్లు మొదట ఆటపట్టించారు. తొలి బంతులు పడ్డాక సందడి ఆగింది. బంతి కంటికి కనపడటం కన్నా చెవికి వినపడటమే ముందు అన్నట్టు ఉండేదని ఆ తర్వాత చాలామంది చెప్పుకున్నారు. కాబ్ తెలివైనవాడు. కొట్టడం కుదరదని అర్థమై, బంతిని మెల్లగా నేలకు తట్టి పరుగు తీశాడు. ఆ మ్యాచ్‌లో వాషింగ్టన్ 3-2తో ఓడింది. కానీ ఆ రోజు నుంచి జాన్సన్‌కు తిరుగు టికెట్ అవసరం పడలేదు.

నాలుగు రోజుల్లో మూడు మ్యాచ్‌లు.. ఒక్క పరుగూ ఇవ్వలేదు

1908 సెప్టెంబర్. న్యూయార్క్ జట్టుతో సిరీస్. ఆ జట్టునే ఇప్పుడు యాంకీస్ అంటున్నారు. 4వ తేదీ శుక్రవారం జాన్సన్ పూర్తి మ్యాచ్ వేశాడు. 3-0. మర్నాడు శనివారం మళ్లీ ఆయనే. 6-0. ఆదివారం న్యూయార్క్‌లో ఆట ఆడకూడదని చట్టం. సోమవారం మళ్లీ ఆయన చేతికే బంతి. 4-0. మూడు మ్యాచ్‌లు, 27 ఇన్నింగ్స్, ఒక్క పరుగూ లేదు. పైగా మొదటి మ్యాచ్‌లో ఆరు హిట్లు, రెండో దాంట్లో నాలుగు, మూడో దాంట్లో రెండే. అలసట పెరగాల్సింది పోయి పదును పెరిగింది.

ఇప్పటి పిచ్చర్‌కు ఒక మ్యాచ్‌కూ ఇంకో మ్యాచ్‌కూ మధ్య నాలుగైదు రోజుల విశ్రాంతి ఇస్తారు. పూర్తి మ్యాచ్ వేయడమే వార్త. కాబట్టి ఆ మూడు రోజుల ఫీట్‌ను ఎవరైనా ఆదర్శంగా తీసుకుంటే చెయ్యి ఆస్పత్రి పాలే. అది ఆ కాలం ఆట, ఆ మనిషి ఒళ్లు.

నిజానికి వాషింగ్టన్ జట్టు అప్పట్లో లీగ్‌లో అట్టడుగు. 1909లో 110 మ్యాచ్‌లు ఓడింది. ఆ ఏడాది జాన్సన్ ఒక్కడి ఖాతాలోనే 25 ఓటములు. కెరీర్ మొత్తంలో 1-0 తేడాతో ఆయన ఓడిన మ్యాచ్‌లు 26. ప్రత్యర్థికి ఒకే పరుగు ఇచ్చినా తన జట్టు ఆ ఒక్కటీ కొట్టలేక చేతులెత్తేసిన రోజులవి. అదే తేడాతో గెలిచినవి 38. ఫీల్డర్ క్యాచ్ వదిలేసినా ఆయన ముఖంలో విసుగు కనిపించేది కాదని తోటివాళ్లు చెప్పేవారు.

తుపాకుల ఫ్యాక్టరీలో స్పీడ్ టెస్ట్!

అప్పట్లో రాడార్ లేదు. మరి వేగం ఎంతో తెలిసేదెలా? 1912లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఉన్న రెమింగ్టన్ ఆయుధాల ఫ్యాక్టరీకి జాన్సన్‌ను తీసుకెళ్లారు. తుపాకీ గుండు వేగం కొలిచే ఏర్పాటు అక్కడ ఉంది. సన్నటి తీగలు అల్లిన తెర, దాని వెనక ఇనుప పలక. బంతి తీగను తెంపినప్పుడు గడియారం మొదలు, పలకను తాకినప్పుడు ఆగడం. ఈ మధ్య పట్టిన సమయాన్ని బట్టి లెక్క.

జాన్సన్‌తో పాటు వచ్చిన మరో పిచ్చర్ నాప్ రకర్ సెకనుకు 113 అడుగుల వేగం చూపించాడు. జాన్సన్‌కు వచ్చింది 122 అడుగులు. గంటకు సుమారు 134 కిలోమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది కదూ? కానీ చిక్కంతా కొలిచిన చోటులోనే ఉంది. చేతి నుంచి వదిలిన క్షణం నుంచి బంతి గాలిని చీల్చుకుంటూ వేగం కోల్పోతూనే ఉంటుంది. ఇప్పటి పరికరాలు చెయ్యి వదలగానే పట్టుకుంటాయి. ఆ రోజు కొలిచింది బ్యాటర్ ఉండే దూరం దాటాక. ఆ తేడాను సరిచేసి చూసిన ఇటీవలి శాస్త్రవేత్తల లెక్కలో జాన్సన్ వేగం గంటకు 93.8 మైళ్లు, అంటే 151 కిలోమీటర్లకు అటూ ఇటూ తేలింది. అదీ మామూలు బట్టల్లో, పక్క నుంచి విసిరే తన సహజ పద్ధతిని తీగల మధ్యకు గురి కుదిరేలా మార్చుకుని వేసిన బంతి. మైదానంలో, ఊపు మీద ఉన్నప్పుడు ఇంకెంత ఉండేదో ఎవరికి వారు ఊహించుకోవాల్సిందే.

ఇంతకీ ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చింది?

జాన్సన్ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. చేతులు ఆ ఎత్తుకు కూడా పొడవే. అరచేతులు పెద్దవి. ఆయన తల మీదుగా విసిరేవాడు కాదు. చెయ్యి నడుముకు, భుజానికి మధ్య ఎత్తులో, కొడవలి తిప్పినట్టు పక్క నుంచి వచ్చేది. ఆయాసపడుతున్నట్టు, బలమంతా పెడుతున్నట్టు కనిపించేదే కాదట. అదే బ్యాటర్లను ఎక్కువ మోసం చేసింది. అంత తాపీగా కదిలిన మనిషి చేతి నుంచి అంత వేగం వస్తుందని కన్ను నమ్మదు.

అందులో మాయ ఏమీ లేదు. బంతి వేగం భుజంలో పుట్టదు, నేల మీద పుడుతుంది. వెనక కాలు నేలను తన్నుతుంది. ఆ తోపు తుంటికి, తుంటి తిరిగితే నడుముకు, అక్కడి నుంచి ఛాతీకి, భుజానికి, మోచేతికి, చివరికి వేళ్లకు చేరుతుంది. పశువుల కాపరి కొరడా ఝళిపించినప్పుడు పిడి దగ్గర కదలిక చిన్నదే, కొస దగ్గర మాత్రం ఫెళ్లుమంటుంది. ఇదీ అలాంటిదే. నడుము తిరగకముందే చెయ్యి ముందుకు వచ్చేస్తే కింది నుంచి వచ్చిన బలం వృథా. అప్పుడు లోటు పూడ్చడానికి మోచెయ్యి ఒంటరిగా కష్టపడుతుంది. గాయాలు మొదలయ్యేది అక్కడే.

జాన్సన్ పొడవైన చెయ్యి కొరడాకు పొడవైన తాడు లాంటిది. పొలంలో గట్టిపడిన కాళ్లు, నడుము దానికి పిడి. ఈ రెండింటికీ తోడు ఆయన సహజమైన లయ. ఇవాళ్టి ట్రైనర్లు పిచ్చర్‌తో చేయించే పనులు చూస్తే ఈ సూత్రమే కనిపిస్తుంది. కాళ్ల బలానికి స్క్వాట్లు, లంజెస్. నడుము తిప్పే బలానికి మెడిసిన్ బాల్‌ను పక్కకు తిరిగి గోడకేసి కొట్టడం. భుజం లోపలి చిన్న కండరాలకు రబ్బర్ బ్యాండ్లతో తేలికపాటి వ్యాయామం. దూరం కొద్దికొద్దిగా పెంచుతూ బంతి విసరడం, దీన్నే లాంగ్ టాస్ అంటారు. బరువు ఎక్కువ, తక్కువ ఉన్న బంతులతో విసరడం కూడా ఇప్పుడు బాగా వాడకంలో ఉంది. వేగం పెరుగుతుంది నిజమే. కానీ ఎదిగే పిల్లలతో, అనుభవం లేని చేతులతో చేయిస్తే మోచేతికి ముప్పు అని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు.

ఇక విశ్రాంతి. ఆటకు సెలవు రాగానే జాన్సన్ కాన్సస్‌లోని కాఫీవిల్ దగ్గర తన పొలానికి వెళ్లిపోయేవాడు. పాడి, సేద్యం, కుక్కల్ని వెంటేసుకుని మైళ్ల కొద్దీ నడిచే వేట. బంతి పక్కన పడేసేవాడు. కాళ్లకు పని ఆగలేదు, చేతికి మాత్రం నెలల తరబడి సెలవు. ఇప్పుడు అమెరికాలో చిన్న పిచ్చర్ల కోసం తెచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాలు చెబుతున్నదీ ఇదే. 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 బంతులు దాటకూడదు. 11, 12 ఏళ్లకు 85. 17, 18 ఏళ్ల వాళ్లకు కూడా 105తో ఆపేయాలి. ఏటా కొన్ని నెలలు పిచ్చింగే చేయకూడదు.

ఇంకో కారణం కూడా చెప్పుకోవాలి. అప్పటి పిచ్చర్లు ప్రతి బంతినీ ప్రాణం పెట్టి వేసేవారు కాదు. పరుగు వచ్చే ప్రమాదం ఉన్నప్పుడే పూర్తి బలం. మిగతా వేళ సగం జోరు, చక్కటి గురి. ఇప్పుడు మొదటి బంతి నుంచే గరిష్ఠ వేగం. మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబర్‌లో విడుదల చేసిన నివేదిక కూడా పిచ్చర్ల గాయాలు పెరగడానికి ఈ వేగం వెంట పరుగునే ప్రధాన కారణంగా చూపింది. మోచేతి లిగమెంట్ తెగితే చేసే ఆపరేషన్ 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌తో మొదలైంది. ఇవాళ ఆ పేరు వినని బేస్‌బాల్ కుటుంబం లేదు. జాన్సన్ కాలంలో ఆ లిగమెంట్ తెగితే ఇక ఇంటికే. అలా కనుమరుగైన జాన్సన్‌లు ఎందరో లెక్క లేదు. పాతకాలం వాళ్లంతా ఉక్కు మనుషులు అనుకోవడం అందుకే పొరపాటు.

భయపడింది బ్యాటర్లే కాదు

1913 జాన్సన్ జీవితంలో బంగారు సంవత్సరం. 36 విజయాలు, 7 ఓటములు. వరసగా 55 ఇన్నింగ్స్‌కు పైగా ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ రికార్డు 1968లో డాన్ డ్రైస్‌డేల్ బద్దలు కొట్టేదాకా నిలిచింది. సీజన్ మొత్తంలో 346 ఇన్నింగ్స్ వేసి 38 మందికి మాత్రమే వాక్ ఇచ్చాడు. అంటే వేగానికి తోడు అంత గురి. 1916లో ఏకంగా 369 ఇన్నింగ్స్ వేసినా ఒక్క హోమ్ రన్ కూడా ఇవ్వలేదు.

కానీ ఈ మనిషిలో ఓ భయం ఉండేది. తన బంతి ఎవరి తలకైనా తగిలితే చచ్చిపోతారేమోనని. హెల్మెట్లు లేని రోజులవి. మిగతా పిచ్చర్లు బ్యాటర్‌ను వెనక్కి నెట్టడానికి కావాలనే ఒంటి మీదకు వేసేవారు. జాన్సన్ ఆ పని చేయడు. ఈ మంచితనాన్ని కనిపెట్టింది మళ్లీ టై కాబే. జాన్సన్ ఎదురుగా ఉన్నప్పుడు ప్లేట్‌కు బాగా దగ్గరగా జరిగి నిలబడేవాడు. తగులుతుందేమోనన్న భయంతో జాన్సన్ బంతిని బయటికి వేస్తాడు, అప్పుడు తన పని తేలిక. ఆట అయిపోయి ముసలితనం వచ్చాక కాబ్ స్వయంగా ఒప్పుకున్న కిటుకు ఇది. 1920లో రే చాప్‌మన్ అనే ఆటగాడు వేరే పిచ్చర్ బంతి తలకు తగిలి నిజంగానే చనిపోయాడు. జాన్సన్ భయం ఉత్తిది కాదని అందరికీ అప్పుడు అర్థమైంది.

1920.. చెయ్యి మొరాయించింది

వయసు 32. పదమూడేళ్లుగా ఏటా వందల ఇన్నింగ్స్. ఆ ఏడాది మొదటిసారి చెయ్యి గట్టిగా నొప్పెట్టింది. గెలిచింది 8, ఓడింది 10. విచిత్రం ఏంటంటే కెరీర్‌లో ఆయన వేసిన ఒకే ఒక్క నో-హిట్టర్ కూడా అదే ఏడాది జులై 1న, బోస్టన్‌లో వచ్చింది. ఫీల్డర్ బకీ హారిస్ చేసిన ఒక్క పొరపాటు లేకపోతే అది పర్ఫెక్ట్ గేమ్.

మర్నాటి సంవత్సరం ఇంకా దారుణం. 1921లో తండ్రి పోయాడు. అదే ఏడాది రెండేళ్ల కూతురు ఎలినార్ ఇన్‌ఫ్లుయెంజాతో కన్నుమూసింది. భార్య హేజెల్ కుంగిపోయింది. జాన్సన్ ఆట మానేస్తాడనే అనుకున్నారంతా. మానలేదు. వేగం కాస్త తగ్గింది, దానికి తోడుగా కర్వ్ బంతిని ఎక్కువ వాడాడు. 1923లో 3,000 స్ట్రైకౌట్లు దాటిన తొలి పిచ్చర్ అయ్యాడు. రెండో మనిషి ఆ అంకె దగ్గరికి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

36 ఏళ్ల వయసులో.. ఆ సాయంత్రం

పదిహేడేళ్లు ఆడినా వరల్డ్ సిరీస్ మొహం చూడలేదు జాన్సన్. 1924లో ఆ ముచ్చట తీరింది. ఆ సీజన్‌లో 23 గెలిచాడు, వాషింగ్టన్ లీగ్ విజేత అయింది. ఎదురుగా న్యూయార్క్ జెయింట్స్. దేశమంతా ఆయనే గెలవాలని కోరుకుంది. మొదటి మ్యాచ్‌లో 12 ఇన్నింగ్స్ వేసి 4-3తో ఓడాడు. ఐదో మ్యాచ్‌లో మళ్లీ ఓటమి. ఇక అయిపోయింది, ముసలివాడైపోయాడు అనుకున్నారు.

అక్టోబర్ 10. ఏడో మ్యాచ్, చివరిది. ప్రెసిడెంట్ కూలిడ్జ్ స్టేడియంలో కూర్చున్నాడు. స్కోరు 3-3. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు మేనేజర్ బకీ హారిస్ బంతిని జాన్సన్‌కు ఇచ్చాడు. అవును, నాలుగేళ్ల కిందట పర్ఫెక్ట్ గేమ్ చెడగొట్టిన ఆ ఫీల్డరే ఇప్పుడు మేనేజర్. ఐదో మ్యాచ్ ఆడి ఒక్క రోజే గడిచింది. వచ్చీ రాగానే ఫ్రాంకీ ఫ్రిష్ మూడు బేస్‌ల హిట్ కొట్టాడు. ఒక్క చిన్న హిట్ పడినా కథ ముగిసినట్టే. జాన్సన్ తర్వాతి బ్యాటర్‌కు కావాలనే వాక్ ఇచ్చి, జార్జ్ కెల్లీని స్ట్రైకౌట్ చేశాడు. ఆ తర్వాతి వాడూ అవుట్. ఫ్రిష్ అక్కడే ఉండిపోయాడు.

పది, పదకొండు, పన్నెండు. జెయింట్స్‌కు పరుగు రాలేదు. పన్నెండో ఇన్నింగ్స్‌లో వాషింగ్టన్ బ్యాటర్ మడ్డీ రూయల్ బంతిని గాల్లోకి లేపాడు. పట్టాల్సిన క్యాచర్ హాంక్ గౌడీ తను కింద పడేసిన మాస్క్‌లోనే కాలు ఇరుక్కుని తడబడ్డాడు. బతికిపోయిన రూయల్ రెండు బేస్‌ల హిట్ కొట్టాడు. కాసేపటికి ఎర్ల్ మెక్‌నీలీ కొట్టిన మామూలు బంతి మూడో బేస్ దగ్గర ఉన్న కుర్రాడు లిండ్‌స్ట్రమ్ తల మీదుగా ఎగిరిపోయింది. రూయల్ పరుగెత్తి ఇంటికి చేరాడు. 4-3. బేస్ మీద నిలబడి అది చూసిన జాన్సన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయంటారు. చుట్టూ జనం మైదానంలోకి దూకేశారు.

మర్నాటి ఏడాది అదృష్టం తిరగబడింది. పిట్స్‌బర్గ్‌తో సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు గెలిపించాడు. ఏడో మ్యాచ్ వానలో, బురదలో, ఎదుటి మనిషి కనపడని మసకలో ఆడించారు. 15 హిట్లు పడ్డా మేనేజర్ ఆయన్ను మార్చలేదు. 9-7తో ఓటమి. ఇచ్చిన గౌరవమే శిక్ష అయిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

డాలర్ బిళ్ల, గాదె తలుపు

1927 ప్రాక్టీస్‌లో తోటి ఆటగాడు జో జడ్జ్ కొట్టిన బంతి తగిలి కాలు విరిగింది. కాలు పోయాక వేగం తిరిగి రాలేదు. నేల నుంచి రావాల్సిన బలమే రాకపోతే చెయ్యి ఒక్కటీ ఏం చేస్తుంది? ఆ సెప్టెంబర్ 30న బేబ్ రూత్ తన 60వ హోమ్ రన్ కొట్టిన మ్యాచ్‌లోనే జాన్సన్ చివరిసారి, అదీ బ్యాటర్‌గా వచ్చి వెళ్లాడు. ఆయన కొట్టిన బంతిని పట్టింది రూతే. 417 విజయాలు, 110 షటౌట్లు. షటౌట్ అంటే ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా మొత్తం మ్యాచ్ వేయడం. ఆ 110ని ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. ఇప్పటి ఆట తీరులో దాటే అవకాశమూ లేదు. 3,500కు పైగా ఉన్న స్ట్రైకౌట్ల రికార్డును మాత్రం 1983లో నోలన్ రయాన్ దాటాడు.

తర్వాత వాషింగ్టన్‌కు, క్లీవ్‌లాండ్‌కు మేనేజర్‌గా చేశాడు. పేరు అంతగా రాలేదు. మరీ మెతక అన్నారు. 1930లో భార్య హేజెల్ చనిపోయింది. ఐదుగురు పిల్లలు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వాళ్లను పెంచడంలో కొడుక్కి తల్లే అండగా నిలిచింది.

1936లో ఆయనకు 48 ఏళ్లు. మేరీలాండ్‌లో పొలం చేసుకుంటున్నాడు. జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు రాపహానక్ నది మీదుగా నాణెం విసిరాడన్న కథ నిజంగా సాధ్యమా అని వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఓ పందెం పెట్టి జాన్సన్‌ను పిలిచారు. వెండి డాలర్ తీసుకుని గాదె తలుపుకేసి విసురుతూ ప్రాక్టీస్ చేశాడాయన. చెయ్యి గట్టిపడుతోంది, తలుపే బలహీనపడుతోంది అని జోకేస్తూ కబురు పంపాడట. ఫిబ్రవరి 22న గట్టు నిండా జనం. మొదటి బిళ్ల నీళ్లలో పడింది. తర్వాతి రెండూ అవతలి ఒడ్డు చేరాయి. అదే ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైన తొలి ఐదుగురిలో ఆయన ఒకడు. కాబ్, రూత్, వాగ్నర్, మాథ్యూసన్ మిగతా నలుగురు.

1938లో మాంట్‌గోమరీ కౌంటీ కమిషనర్‌గా గెలిచాడు. 1940లో అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేసి ఓడాడు. 1942 ఆగస్టులో యుద్ధ నిధుల కోసం యాంకీ స్టేడియంలో బేబ్ రూత్‌కు బంతులు వేశాడు. అప్పటికి 54 ఏళ్లు.

1946లో మెదడులో కణితి ఉందని తేలింది. ఆ ఆగస్టు 20న వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో, జాన్సన్ ఏళ్ల తరబడి ఆడిన ఆ మైదానంలోనే, బాబ్ ఫెల్లర్ వేగాన్ని సైన్యం పరికరంతో కొలిచారు. అయోవాలో పొలం పనులు చేసి పెరిగిన కుర్రాడే అతనూ. 98.6 మైళ్లు వచ్చింది. జాన్సన్ అప్పటికి మంచం పట్టి ఉన్నాడు. డిసెంబర్ 10న కన్నుమూశాడు. 59 ఏళ్లు. మేరీలాండ్‌లోని రాక్‌విల్‌లో హేజెల్ పక్కనే సమాధి చేశారు.